యూవీ మీటరుకి ఏ ప్లాస్టిక్ మూత?

హైదరాబాద్

పిల్లలూ,

సైన్స్ ఫెయిర్ కోసం మీరు చేస్తున్న యూవీ (అతినీలలోహిత కిరణాల) మీటరులో సెన్సర్ మీద ఏ మూత పెట్టాలని అడిగారు. ఆ మూత ఏ వైపు నుంచి పడిన వెలుగునైనా చెదరగొట్టి సెన్సర్‌కి అందించాలి, యూవీని మాత్రం మింగకూడదు.

ఇక్కడ కంటిని నమ్మొద్దు. ఎల్‌ఈడీ బల్బు మూతలు చాలావరకు పాలీకార్బొనేట్‌వి. సుమారు 380 నానోమీటర్ల కంటే తక్కువ పొడవున్న తరంగాలు, అంటే యూవీ, అందులోంచి దాదాపు రావు. పాలరంగు యాక్రిలిక్‌లో తెలుపు కోసం తరచు టైటానియం డయాక్సైడ్ కలుపుతారు, అదీ యూవీని పీల్చేస్తుంది. కాబట్టి తెలుపు రంగుపొడి వల్ల కాక, పదార్థం అల్లికలోంచే రావాలి. టెఫ్లాన్ అలాంటిది, పైగా ఎండకు పెళుసెక్కదు. రంగు కలపని పాలిథీన్ కూడా యూవీని వదులుతుంది గానీ ఎండలో త్వరగా పాడవుతుంది.

రాణీగంజ్‌లో గాస్కెట్లు అమ్మే షాపుల్లో అర మిల్లీమీటరు తెల్ల టెఫ్లాన్ షీటు అడగండి. నల్లది, గోధుమరంగుది వద్దు, వాటిలో కార్బన్, కంచు లాంటివి కలిసి ఉంటాయి. షీటు దొరక్కపోతే ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు నాలుగు పొరలు వేయండి. సాగదీయకండి, సాగితే ఒక్కోచోట ఒక్కో మందం అవుతుంది. జిగురు అంచులకే రాయాలి. వేలి జిడ్డు కూడా యూవీని తగ్గిస్తుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఏ ముక్కనైనా ముందు పరీక్షించండి. చీకటి గదిలో 365 నానోమీటర్ల టార్చ్ కాంతిని మామూలు తెల్ల కాగితం మీద వేస్తే కాగితం నీలంగా మెరుస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ పెట్టగానే మెరుపు పోతే ఆ ముక్క పనికిరాదు. 395 టార్చ్ కొనకండి, దాని ఊదా వెలుగు చాలా ప్లాస్టిక్‌లను దాటుకుని వచ్చి మోసం చేస్తుంది. టార్చ్‌లోకి చూడొద్దు. పాలీకార్బొనేట్ కళ్లద్దాలు పెట్టుకోండి, మూతకు పనికిరాని గుణమే కంటిని కాపాడుతుంది. ఈ పరీక్ష యూవీ-ఎ, అంటే యూవీలో పొడవు తరంగాల భాగం, వరకే సరిపోతుంది: నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్ ఇందులో నెగ్గినా, సుమారు 315 నానోమీటర్ల కంటే తక్కువ ఉన్న యూవీ-బిని ఆపేస్తుంది.

మూత బిగించాక టార్చ్‌ని నేరుగా పైన పెట్టి రీడింగ్ తీయండి. దూరం మార్చకుండా సెన్సర్‌ని 60 డిగ్రీలు వంచితే అది సగం కావాలి. సగం కంటే బాగా తక్కువ వస్తే మూత చుట్టూ ఉన్న గట్టు నీడ పడుతోందన్నమాట, మూతను గట్టు కంటే ఒక మిల్లీమీటరు పైకి లేపండి.

19 డిగ్రీల సెల్సియస్ దగ్గర టెఫ్లాన్ స్ఫటిక నిర్మాణం మారుతుంది, దాటే వెలుగు 1 నుంచి 3 శాతం దాకా తేడా పడుతుంది. మన దగ్గర డిసెంబరు ఉదయాల్లో అంత చలి ఉంటుంది. ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య