నీళ్లు సరే, తియ్యనా ఉప్పనా?

అనంతపురంలో బోరు వేయించే రైతుకు ఒకటే బెంగ: నీళ్లు పడతాయా, పడవా? కోనసీమ చివర అంతర్వేది వైపు ఆ బెంగ ఎవరికీ లేదు. కొద్ది మీటర్లు దిగితే చాలు, ఎక్కడైనా నీరే. అది తాగడానికి పనికొస్తుందా, నోట పెట్టుకోలేనంత ఉప్పా అన్నదే అక్కడి ప్రశ్న. ఉపగ్రహ చిత్రాలతో భూగర్భ జలాల పటాలు గీసేవారు ఈ తేడాను తేలిగ్గా తీసుకుంటే, పటం ఎంత అందంగా వచ్చినా గోదావరి డెల్టాలో పనికిరాదు.

ముందు పద్ధతి చూద్దాం. ఉపగ్రహానికి భూమి లోపలి నీరు కనిపించదు. పైన కనిపించే ఆనవాళ్లనే అది పట్టుకుంటుంది. 1988 మార్చిలో భూమిని పరిశీలించే భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ కక్ష్యలోకి చేరినప్పటి నుంచి ఈ పనికి మన ఉపగ్రహాల చిత్రాలూ అందుతున్నాయి. వాటి నుంచి నేల వాలు, మట్టి, రాతి రకం, వాగుల సాంద్రత, రాతి పగుళ్ల గీతలు, పంటలు ఒక్కో పొరగా తయారుచేస్తారు. జీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో ఆ పొరలన్నిటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, దేనికెంత ప్రాధాన్యమో అంకెల్లో చెబుతారు. ఆ అంకెల కోసం ఎక్కువమంది వాడేది అమెరికా గణిత శాస్త్రవేత్త థామస్ శాటీ 1970లలో రూపొందించిన పద్ధతి. అందులో అంశాలను రెండేసి చొప్పున పోల్చి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. లెక్క కంప్యూటర్ చేస్తుంది కానీ మార్కులు వేసేది మనిషే.

చిక్కంతా ఆ మార్కుల్లోనే ఉంది. రాయలసీమ, తెలంగాణల్లో చాలాచోట్ల నీరు గ్రానైటు పగుళ్లలో దాగి ఉంటుంది కనుక పగుళ్ల గీతలకూ, వాలుకూ ఎక్కువ మార్కులు వేయడం సబబే. డెల్టాలో గట్టి రాయి ఎక్కడో లోతున ఒండ్రు కింద ఉంది. వాలు సంగతి సరేసరి. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల దిగేది పది పదిహేను మీటర్లే. 2000 సంవత్సరంలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల పటాన్ని నేటికీ చాలామంది వాడతారు. ఆ రాడార్ తరంగాలు చాలా వరకు చెట్ల మట్టల మీదే తగిలి వెనక్కి వస్తాయి. కోనసీమలో దట్టమైన కొబ్బరితోట ఆ పటంలో చిన్న గుట్టలా కనిపిస్తుంది! దాన్ని నమ్మి వాలు లెక్కగడితే వచ్చేది తోటల పటమే.

ఇక్కడ అసలు సాక్ష్యం వేరు. సుమారు 6000 ఏళ్ల క్రితం సముద్ర మట్టం నిలకడకు వచ్చాక, నది తెచ్చిన ఒండ్రుతో తీరం మెల్లగా ముందుకు జరిగింది. జరుగుతూ జరుగుతూ పాత తీరాల్లో ఇసుక మెరకలను వదిలి వెళ్లింది. ఉపగ్రహ చిత్రంలో అవి నేటి తీరానికి ఇంచుమించు సమాంతరంగా, వంపు తిరిగిన చారలుగా కనిపిస్తాయి. పరారుణ కాంతిని ఎరుపుగా చూపే చిత్రంలో మెరక మీది కొబ్బరి ముదురు ఎరుపు, వట్టి ఇసుక తెలుపు, పక్క పల్లంలో నీరు నిలిచిన వరిమడి నలుపు. ఊళ్లు చాలావరకు మెరకల మీదే బారుగా పరుచుకుని ఉంటాయి. వరదకు మునగవు, చేదబావిలో మంచినీరు దొరుకుతుంది. ఉపగ్రహాలు రాకముందే ఈ పటం జనానికి తెలుసు.

మెరక ఇసుకలో వాన నీరు చప్పున ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర వంతులు బరువు. ఆ కొద్ది తేడా వల్ల, ఇసుక కింది దాకా ఒకే తీరుగా ఉన్నచోట, సముద్ర మట్టానికి ఒక మీటరు పైన మంచినీరు నిలిస్తే దాని అడుగున దాదాపు నలభై మీటర్ల మంచినీరు ఉంటుంది. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు విడివిడిగా తేల్చిన లెక్క ఇది. ఇదే లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. మోటారుతో తోడి పై మట్టాన్ని ఒక్క మీటరు దింపితే, కింద ఉప్పు కాలక్రమంలో నలభై మీటర్లు పైకి రావచ్చు. అందుకే ఫిల్టర్ పాయింట్ (ఇసుకలో దించే తక్కువ లోతు గొట్టపు బావి) పైపును అవసరానికి మించి దించితే నష్టమే. రెండు కొలతలే ఉన్న పటం ఈ లోతు సంగతి చెప్పదు.

నది వదిలేసిన పాత పాయల ఇసుకలో, లంకల్లో కూడా మంచినీరు దొరుకుతుంది. మెరకల మధ్య పల్లాల్లో మాత్రం బంకమట్టి, దాని పొరల్లో ఒకనాటి సముద్రపు నీరే చిక్కుకుని ఉంది. తీరానికి బాగా లోపల ఉన్న ఊళ్లలోనూ బోరు నీరు ఉప్పగా ఉండటానికి ఇదొక కారణం. కాబట్టి సముద్రానికి ఎంత దూరమన్న పొరకు పెద్ద మార్కులు వేయడమూ పొరపాటే. గురుత్వ మార్పులను బట్టి భూజలాలను అంచనా వేసే గ్రేస్ ఉపగ్రహాలున్నాయి కదా అంటారా? వాటి చూపుకు ఇంత చిన్న డెల్టా విడిగా ఆనదు.

పటం గీశాక నేల మీద పరీక్ష తప్పదు. భూమిలోకి విద్యుత్తు పంపి నిరోధం కొలిస్తే మంచినీటి ఇసుక తెలిసిపోతుంది. కానీ బంకమట్టికీ ఉప్పునీటి ఇసుకకూ నిరోధం తక్కువే కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చివరకు బోరు మట్టిని చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

పైగా కాలువలున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా పై పొరల్లో ఊరే నీటిలో కాలువల వాటా తక్కువేమీ కాదు. వేసవిలో కాలువలు కట్టేస్తే ఆ ఊట తగ్గి, నవంబరులో తాగిన బావి నీరే మే నెలలో ఉప్పదేలవచ్చు. ఒకే బావి నీటి విద్యుద్వాహకతను (ఉప్పు పెరిగితే ఇదీ పెరుగుతుంది) ఆ రెండు నెలల్లోనూ కొలిచి, రెండు అంకెలనూ సరిచూడకుండా, మంచినీరుందంటూ పటంలో వేసిన ఆకుపచ్చ రంగును నేనైతే సగమే నమ్ముతాను.