హెచ్‌డీ డిస్క్ ప్లేయర్: రెండేళ్ల ఫార్మాట్ గొడవ వెనుక కథ

ఇప్పుడు హెచ్‌డీ డిస్క్ ప్లేయర్ కొనాలంటే బ్లూరే ఒక్కటే ఉంది. 2006లో అలా కాదు, సోనీ వైపువాళ్ల బ్లూరే, తోషిబా వైపువాళ్ల హెచ్‌డీ డీవీడీ అని రెండు ఫార్మాట్లు ఒకేసారి మార్కెట్లోకి దిగాయి, ఒకదాని డిస్క్ ఇంకోదాని ప్లేయర్‌లో ఆడదు.

ఈ గొడవకు మూలం 1995లో ఉంది. అప్పుడు డీవీడీ కోసం కూడా ఒకవైపు సోనీ, ఫిలిప్స్, మరోవైపు తోషిబా, టైమ్ వార్నర్ పోటీ పడ్డాయి. రెండు రకాల డిస్క్‌లు మాకొద్దని ఐబీఎమ్ లాంటి కంప్యూటర్ కంపెనీలు గట్టిగా చెప్పడంతో రాజీ కుదిరింది, డీవీడీ ఒక్కటే వచ్చింది. హెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికి అంత ఒత్తిడి తెచ్చేవాళ్లు లేకపోయారు, 2005లో రాజీ చర్చలు జరిగినా ఫలితం లేదు.

నిజానికి రెండిటిలోనూ ఉన్నది ఒకే నీలి లేజర్. డీవీడీ ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లయితే దీనిది 405, అందుకే అదే సైజు డిస్క్‌లో కొన్ని రెట్లు ఎక్కువ డేటా పడుతుంది. ముఖ్యమైన తేడా డేటా ఎంత లోతులో ఉంటుందన్న దానిలో. హెచ్‌డీ డీవీడీలో డీవీడీలాగే 0.6 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది కాబట్టి పాత డీవీడీ ఫ్యాక్టరీలే కొద్ది మార్పులతో సరిపోతాయి, కానీ పొరకు 15 జీబీయే. బ్లూరేలో 0.1 మిల్లీమీటరే, పొరకు 25 జీబీ, కాకపోతే కొత్త యంత్రాలు కావాలి, గీతలు పడకుండా పైన గట్టి పూత వేయాలి. వీడియోని కుదించి దాచే పద్ధతులు (కోడెక్‌లు) కూడా రెండిటికీ అవే, అందుకే ఒకే సినిమా రెండిటిలో వస్తే బొమ్మలో చెప్పుకోదగ్గ తేడా ఉండేది కాదు. అంటే కొనేవాళ్లు బొమ్మ చూసి నిర్ణయించుకునే అవకాశమే లేదు, ఏ స్టూడియో ఎటువైపు ఉందో చూసుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే అసలు అన్యాయం అక్కడే జరిగింది.

అమెరికాలో 2006 ఏప్రిల్‌లో తోషిబా తొలి హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ 499 డాలర్లకు వచ్చింది, జూన్‌లో శాంసంగ్ బ్లూరే ప్లేయర్ 999 డాలర్లకు. పైగా మొదటి హెచ్‌డీ డీవీడీ ప్లేయర్‌లోనే నెట్ కనెక్షన్ ఉండేది, బ్లూరేవాళ్లు మాత్రం ప్రొఫైల్ 1.0, 1.1, 2.0 అంటూ విడతలవారీగా సదుపాయాలు పెంచుకుంటూ పోయారు, ముందు కొన్నవాళ్లలో చాలామందికి అవి అందలేదు. బ్లూరే డిస్క్‌లు కూడా ఆడే సోనీ గేమ్ మెషిన్ ప్లేస్టేషన్ 3 మాత్రం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లతో అన్నిటికీ పనికొచ్చింది. ఆ నవంబర్‌లో అది రావడంతో గేముల కోసం కొన్న ఇళ్లలోకి బ్లూరే కూడా వెళ్లిపోయింది. ఈ మొత్తం కథలో అంత తెలివైన అడుగు ఇంకొకటి లేదు.

స్టూడియోలు చీలిపోయాయి. యూనివర్సల్ హెచ్‌డీ డీవీడీ వైపు, సోనీ, డిస్నీ, ఫాక్స్ బ్లూరే వైపు. రెండిట్లోనూ ఇస్తున్న పారామౌంట్ 2007 ఆగస్టులో బ్లూరేని వదిలేసింది. ఎల్‌జీ రెండూ ఆడే ప్లేయర్ తెచ్చింది గానీ ధర 1,199 డాలర్లు. 2007 నవంబర్‌లో వాల్‌మార్ట్ తోషిబా ప్లేయర్‌ని వంద డాలర్లలోపే అమ్మింది, చవగ్గా దొరికిందని ఎంతోమంది కొనుక్కున్నారు.

రెండు నెలలు తిరిగేసరికి, 2008 జనవరి 4న, వార్నర్ స్టూడియో ఇకపై బ్లూరే మాత్రమే అని ప్రకటించింది. ఫిబ్రవరిలో అప్పట్లో డిస్క్‌లు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, పెద్ద దుకాణాలు బెస్ట్ బై, వాల్‌మార్ట్ అటే మొగ్గాయి, 19న తోషిబా చేతులెత్తేసింది. వంద డాలర్లకు కొన్నవాళ్ల దగ్గర బాగా పనిచేసే ప్లేయర్ ఉంది, వేసుకోవడానికి కొత్త సినిమాలు లేవు. మరుసటి ఏడాదే తోషిబా కూడా బ్లూరే ప్లేయర్ల తయారీకి దిగింది.

హెచ్‌డీ డీవీడీకి రీజియన్ కోడ్ (ఒక ప్రాంతపు డిస్క్ ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా పెట్టే తాళం) లేదు, గెలిచిన బ్లూరేకి ఉంది, మన మీద పడ్డ ప్రభావం ఇదే. అమెరికా రీజియన్ ఏ, మన దేశం సీ. అక్కడున్న చుట్టాల చేత ప్లేయర్ తెప్పించుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి, రీజియన్ లాక్ లేని డిస్క్‌లు ఆడతాయి గానీ మిగతావి ఆడకపోవచ్చు. 2016లో వచ్చిన 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డిస్క్‌లకు ఈ తంటా లేదు, కానీ అదే ప్లేయర్‌లో మామూలు బ్లూరే పెడితే రీజియన్ చూస్తుంది.