ఎల్ఫుల పనితనం: నేర్పా, మంత్రమా?

ఫాంటసీ కథల్లో ఎల్ఫులు (మనుషులను పోలిన ఒక అద్భుత జాతి) చేసిన వస్తువులకు ఆ మహత్తు చేతి నేర్పు వల్ల వచ్చిందా, మంత్రం వల్ల వచ్చిందా అన్న వాదం పాఠకుల మధ్య ఎడతెగక సాగుతోంది. ఈ కథలకు మూలమైన ఉత్తర ఐరోపా గాథల్లో మాత్రం ఆ రెండింటి నడుమ గీత కనిపించదు. పాత నార్స్ (మధ్యయుగ స్కాండినేవియా భాష) కవితలో ఎల్ఫుల ప్రభువు అనిపించుకున్న వోలుండ్ కమ్మరి. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్ పండితుడు స్నోరి స్టుర్లుసన్ గ్రంథస్థం చేసిన గాథలో, ఉరుముల దేవుడు థోర్ సమ్మెట కొలిమిలో ఉండగా తిత్తి ఊదుతున్న మరుగుజ్జు బ్రోక్ కనురెప్పను ఒక ఈగ కుడుతుంది. నెత్తురు కంట్లోకి కారి చూపు ఆనక, ఆ ఈగను తోలడానికి అతడు చెయ్యి తీసిన ఆ ఒక్క క్షణానికి సమ్మెట పిడి కురచైపోతుంది. విసిరితే తిరిగి చేతికి వచ్చే ఆయుధమది. అంతా మంత్రమే అయితే, తిత్తి ఆగినంత మాత్రాన పిడి ఎందుకు చెడాలి? నేర్పు పక్షాన ఇంతకు మించిన సాక్ష్యం నాకు కనిపించలేదు. (ఆ మరుగుజ్జులకూ ‘నల్ల ఎల్ఫు’లకూ స్నోరి స్పష్టమైన తేడా చూపడు.)

పాత ఇంగ్లీషులో ‘క్రాఫ్ట్’ అన్న మాటకు బలం, నేర్పు అనే అర్థాలతో పాటు మంత్రశక్తి అనే అర్థమూ ఉండేది. మనమూ చదువును విద్య అంటాం, గారడీనీ విద్యే అంటాం.

ఆ పాత ఇంగ్లీషును ఆక్స్‌ఫర్డ్‌లో బోధించిన టోల్కీన్, 1954లో వెలువడిన తన నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటంలో ఈ ప్రశ్నను ఒక పాత్ర నోటనే పలికించాడు. ఆకుల నీడలో ఆకుపచ్చగా, మునిమాపు వేళ బూడిద రంగుగా కనిపించే అంగీలను అందుకుంటూ పిప్పిన్ ఇవి మంత్రపు అంగీలా అని అడిగితే, ఆ మాటకు అర్థమేమిటో తనకు తెలియదని, ఇవి మంచి నేతబట్టలని, తాము ప్రేమించే వాటి తలపునంతా తాము చేసే ప్రతి వస్తువులోనూ ఉంచుతామని ఎల్ఫుల నాయకుడు బదులిస్తాడు. 1951లో ఒక ప్రచురణకర్తకు రాసిన సుదీర్ఘ లేఖలో టోల్కీన్ ఇదే విషయాన్ని విడమరచి, ఎల్ఫుల మంత్రమంటే మానవ పరిమితులు చాలావరకు తొలగిన కళేనని, ఇతరులను లోబరచుకోవడం దాని లక్ష్యం కాదని స్పష్టం చేశాడు.

గీత గట్టిపడింది ఆటల వల్ల. 1974లో వచ్చిన, ఆటగాళ్లు కథలోని పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎల్ఫుల అంగీని, బూట్లను మంత్ర వస్తువుల జాబితాలో చేర్చింది. అంగీ తొడుక్కుంటే ఏమవుతుందో అందులో ఉంది. దాన్ని ఎవరు నేశారో, ఏ తలపుతో నేశారో చెప్పడానికి ఆ జాబితాలో చోటు లేకపోయింది.