ముదురు పాకం పోస్తే రవ్వ కేకు నిలవ ఉంటుందా? అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో నేను పుట్టినరోజు కేకులతో పాటు నిమ్మ, కమలా వాసనతో పాకం పట్టిన రవ్వ కేకులు చేసి అమ్ముతాను, అడిగినవారికి నేర్పుతాను. ఈజిప్టులో బస్‌బూసా అని, లెబనాన్‌లో నమూరా అని, టర్కీలో రెవానీ అని పిలిచేది ఈ కేకునే. దేశాన్ని బట్టి కొందరు గుడ్డు వేస్తారు, కొందరు పెరుగుతో సరిపెడతారు, కొందరు కొబ్బరి కలుపుతారు. రవ్వ పిండిని ఓవెన్‌లో కాల్చి, బయటికి తీశాక పంచదార పాకం తాగించడం మాత్రం అన్నిచోట్లా ఒకటే. "పాకం పైనే ఉండిపోయింది, లోపల పొడిపొడిగా ఉంది, రవ్వ మంచిది కాదేమో" అని ఫోన్ చేసేవారిని పాకం ఎంతవరకు కాచారని అడిగితే, దాదాపు అందరూ గర్వంగా ఒకే జవాబు చెబుతారు కాబట్టి ఇది రాయవలసి వచ్చింది.

అపోహ: పాకం తీగ వచ్చేదాకా కాస్తేనే కేకు నిలవ ఉంటుంది.

నెయ్యి, రవ్వ, పంచదార, ఒక పూట శ్రమ అన్నీ వృథా అయ్యేది ఎక్కువగా ఈ ఒక్క నమ్మకం వల్లనే. ఇది ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పెళ్లి సారెకు గవ్వలు, పనసతొనలు చేసేటప్పుడు పాకం తీగ రానిదే మన పెద్దవాళ్లు గిన్నె దించనివ్వరు. అక్కడ పాకం పిండిలోకి దిగకూడదు, పైన తెల్లగా ఆరి పట్టుకోవాలి, కాబట్టి వారి పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనదే. రవ్వ కేకు దగ్గరికి వచ్చేసరికి మనకు కావలసింది దానికి పూర్తిగా విరుద్ధం: పాకం పైన ఆరకుండా అడుగుదాకా దిగాలి, దిగినచోట పాకంగానే ఉండాలి.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 200 గ్రాముల పంచదార కరిగి నిలుస్తుంది, మన ఎండలకు మరికొంచెం ఎక్కువ కరుగుతుంది. అంటే పాకం మొత్తం బరువులో పంచదార మూడింట రెండు వంతులు దాటితే, చల్లారాక ఆ దాటినది తిరిగి గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. తీగ పాకం 106 నుంచి 112 డిగ్రీల మధ్య వస్తుంది, ఆ వేడికి చేరేసరికి నీరు ఇగిరిపోయి పంచదార నూటికి 75–80 పాళ్లు అవుతుంది. అంత చిక్కని ద్రవాన్ని కేకు మీద పోస్తే, పైన ఒక సన్నని పొర మేర తడిపి అక్కడే బిగుసుకొని, ఆ తరువాత పోసినది కూడా దిగకుండా అడ్డుపడుతుంది. మిగిలినది అంచుల వెంట జారి ట్రే అడుగున చేరుతుంది. మర్నాటికి పైన పంచదార పెంకు, నడుమ ఎండు రవ్వ, అడుగున జిగట మిగులుతాయి.

టెక్కలి వైపునుంచి ఒకావిడ ఇలాంటి కేకునే ట్రేతో సహా బస్సులో పట్టుకొచ్చారు. కూతురి సారెకు పంపాలని ముందుగా ఒకసారి చేసి చూసుకున్నారట. కొట్టువాడు పాత రవ్వ ఇచ్చాడని ఆవిడకు అనుమానం. ఓవెన్‌లో కింది కడ్డీ పనిచేయడం లేదని పక్కింటివారి తీర్పు. కొత్త ఓవెన్ కొనడానికి ధరలు కూడా కనుక్కొని వచ్చారు. చాకు మొన పెట్టి నొక్కితే పై పొర చిటుక్కున పగిలింది. నడుమ ముక్కను వేళ్లతో నలిపి చూస్తే రవ్వ పలుకులు దేనికది విడిపోయి పళ్లెంలో రాలాయి, వాటిలో ఒక్కటి కూడా వేలికి అంటలేదు. రవ్వ చక్కగా ఉడికింది, రంగు సమంగా వచ్చింది, అడుగు ఎక్కడా మాడలేదు, అంటే ఓవెన్‌లో ఏ లోపమూ లేదు. పాకం సంగతి అడిగితే, "తీగ సాగింది కదమ్మా, ఇంకేటి కావాలి దీనికి?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు, ఊరంతా చెప్పిన మాటే విన్నారు. కానీ ఆ మాటను నమ్మి ఓవెన్ మార్చివేసినవారు నాకు తెలుసు, కొత్త ఓవెన్‌లో కూడా కేకు అలాగే వచ్చిందన్నది వేరే చెప్పనక్కరలేదు.

కొలత ఇలా పెట్టుకోండి. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేకు సన్నని బొంబాయి రవ్వ 300 గ్రాములు, పంచదార 150, పెరుగు 200, కరిగించిన నెయ్యి 100, ఎండుకొబ్బరి పొడి 50 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచాలు, ఒక పెద్ద కమలా తొక్క తురుము సరిపోతాయి. 180 డిగ్రీల దగ్గర 35–40 నిమిషాలు కాలాలి. పాకానికి పంచదార 300 గ్రాములు, నీరు 250 గ్రాములు, ఒక చెంచా నిమ్మరసం తీసుకోండి. ఖాళీ గిన్నెను ముందే కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. మరగడం మొదలైన తరువాత సన్నని సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది కానీ గడియారాన్ని నమ్మవద్దు. గిన్నె బరువు పోగా పాకం 480 గ్రాములకు దిగితే దించేయండి. అప్పుడు అందులో పంచదార నూటికి 62 పాళ్లు ఉంటుంది, చల్లారినా గడ్డకట్టదు. కాటా లేనివారు వేళ్ల మధ్య చూసుకోవచ్చు: జిగురుగా అంటుకోవాలి, తీగ సాగకూడదు. గులాబ్‌జామ్ చేసేవారికి ఈ పాకం కొత్తది కాదు. నిమ్మరసం ఇక్కడ రుచికోసం మాత్రమే వేయడం లేదు. ఆ పులుపు వేడిలో పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, అవి కలిసి ఉన్నంతవరకు మిగిలిన పంచదార పలుకు కట్టడానికి తొందరపడదు.

ఇక నిలవ సంగతి. ముదురు పాకం పైపొరను కాపాడుతుందేమో కానీ, నడుమ భాగంలో పెరుగు తేమ అలాగే ఉంటుంది, దాన్ని చేరి కాపాడవలసిన పంచదార పైనే ఆగిపోయి ఉంటుంది. అసలు బూజు ఎక్కడ మొదలవుతుందో చూసినవారు తక్కువ. కేకు వేడిగా ఉండగానే మూత పెడితే, ఆవిరి మూతకు పట్టి, చుక్కలుగా కేకు మీద పడి, అక్కడి పాకాన్ని పలచబరుస్తుంది. పలచబడిన ఆ మచ్చల దగ్గరే రెండోనాడో మూడోనాడో తెల్లని నూగు కనిపిస్తుంది. సముద్రపు గాలిలోని తేమ దానికి తోడు. కాబట్టి పూర్తిగా చల్లారేదాకా పలుచని గుడ్డ మాత్రమే కప్పండి, ఆ తరువాత డబ్బాలో పెట్టండి, తడి చాకుతో కోయవద్దు. ఉద్దానం కొబ్బరి అంటే నాకూ ప్రాణమే, కానీ పచ్చికొబ్బరి తురుము వేస్తే తేమ పెరిగి కేకు ఇంకా త్వరగా పాడవుతుంది. సారె కేకులో ఎండుకొబ్బరి పొడే వేయాలి. ఇన్ని జాగ్రత్తలు పడినా మన వాతావరణంలో బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో ఐదారు రోజులు ఉంటుందని చెబుతానే కానీ, గవ్వల మాదిరిగా పదిహేను రోజులు ఊరంతా పంచుకోవచ్చని ఎవరికీ మాట ఇవ్వను. సారెకు కావాలంటే బయలుదేరే ముందురోజు చేయించుకోవాలి.

అపోహ: కేకు, పాకం రెండూ సలసల కాగుతూ ఉంటేనే బాగా పీలుస్తుంది.

పీలుస్తుంది, ఆ తరువాత ముద్దవుతుంది. కేకు ఓవెన్ నుంచి తీసిన వేడిలో ఉండాలి, పాకం గోరువెచ్చగా ఉండాలి. కేకులోని గాలి, ఆవిరి చల్లబడి కుంచించుకొనేటప్పుడు పాకాన్ని లోపలికి లాగుతాయి. ముక్కలుగా ముందే కోసి, ఆ గాట్లలోకి దిగేలా, పది నిమిషాల వ్యవధిలో మూడు విడతలుగా పోయండి. రెండు గంటలు ముట్టుకోవద్దు.

అపోహ: వాసన బాగా రావాలంటే నిమ్మరసం, కమలారసం ఎక్కువ పోయాలి.

రసంలో ఉండేది ప్రధానంగా నీరు, పులుపు, కాస్త తీపి. మనం నిమ్మ వాసన అని, కమలా వాసన అని గుర్తుపట్టేది తొక్క పైపొరలోని సన్నని తిత్తుల్లో ఉండే నూనెను, అందులో అధికభాగం లిమోనీన్. తొక్కను మడిచి నొక్కితే కళ్లలో చిమ్మి మంటపుట్టించేది అదే. పిండికి తీసిన 150 గ్రాముల పంచదారలో తొక్క తురుమును వేసి వేళ్లతో రెండు నిమిషాలు రుద్దండి. పంచదార తడి ఇసుకలా ముద్దకట్టి, లేత పసుపు తిరిగి, గది అంతా ఘుమఘుమలాడుతుంది. ఆ తరువాతే పెరుగు కలపాలి. రంగు పొరను మాత్రమే తురమాలి, కింది తెలుపు తగిలితే చేదు వస్తుంది. నాగపూర్ కమలాల మీద మెరుపు కోసం మైనం పూసి ఉండవచ్చు కాబట్టి గోరువెచ్చని నీటిలో రుద్ది కడగడం మంచిది. పాకంలో కూడా వాసన కావాలంటే తొక్క పీలికలను దించిన తరువాత వేయాలి. మరిగేటప్పుడు వేస్తే ఆ పరిమళం వంటింట్లో తిరుగుతుంది, కేకులో ఉండదు.

బత్తాయి గురించి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే కమలా దొరకని నెలల్లో అందరి చూపూ దాని మీదే పడుతుంది. బత్తాయి రసం పిండిన వెంటనే తియ్యగా ఉంటుంది, కాసేపు నిలిచినా, వేడి తగిలినా చేదెక్కుతుంది. పండులో రుచి తెలియని రూపంలో ఉన్న ఒక పదార్థం, రసం తీసినప్పుడు దాని పులుపు తగిలి లిమోనిన్ అనే చేదు పదార్థంగా (వాసననిచ్చే లిమోనీన్ వేరు) మారడమే దీనికి కారణం. ఆ రసంతో పాకం కాస్తే ఎంత పంచదార వేసినా ఆ చేదు విరగదు. నిమ్మ తొక్క తురుము హాయిగా వాడుకోవచ్చు. దబ్బకాయ వాసన అన్నింటికంటే గొప్పదని నా అభిప్రాయం, అయితే దాని తెలుపు దళసరిగా ఉంటుంది కాబట్టి తురిమే చెయ్యి తేలికగా ఉండాలి.

అపోహ: పాలు, పెరుగు ఉన్నచోట నిమ్మ కలిస్తే విషమవుతుంది.

వాట్సాప్‌లో తిరిగే వీడియోలకు జవాబు చెప్పి చెప్పి విసుగెత్తింది. పాలలో నిమ్మరసం పిండితే పాలు విరుగుతాయి, దాన్ని వడగడితే పన్నీరు అవుతుంది, ఆ పన్నీరునే పెళ్లిళ్లలో వడ్డించుకొని తింటున్నాం. కానీ చంటిపిల్లాడు ఒక ముక్క తిన్నాడని రాత్రి పదింటికి గొంతు వణుకుతూ ఫోన్ చేసిన తల్లి మీద విసుక్కోవడం నావల్ల కాదు. అమ్మా, ఈ కలయిక వల్ల బిడ్డకు ఏ విషమూ ఎక్కదు. పాలు, గోధుమ, కొబ్బరి, జీడిపప్పు వంటివి పడని పిల్లలకు ఈ కేకు పెట్టకూడదు, వారికి నిమ్మ లేకపోయినా పెట్టకూడదు.

అపోహ: మైదా లేదు, రవ్వే కాబట్టి షుగర్ ఉన్నవారు తినవచ్చు.

బొంబాయి రవ్వ కూడా పొట్టు తీసిన గోధుమే. పై కొలతలో పిండికీ పాకానికీ కలిపి 450 గ్రాముల పంచదార ఉంది, 20 ముక్కలు కోస్తే ఒక్కొక్క ముక్కలో 22 గ్రాములకు పైగా ఉంటుంది. పంచదార బదులు బెల్లమో తేనో వేసినా ఈ లెక్క పెద్దగా మారదు. తండ్రికి ఇష్టమని అడిగే పిల్లల బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఎంత తినవచ్చో చెప్పవలసింది వారిని చూసే డాక్టరు, అమ్మేవారు కాదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఇడ్లీ రవ్వ బియ్యంతో చేసేది, అది ఈ కేకుకు పనికిరాదు. గ్రీసు, టర్కీల్లో వాడేది డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వ, అది లేదని దిగులు పడనక్కరలేదు. ఉప్మాకు వేయించినట్టు రవ్వను ఎర్రగా వేయించవద్దు, ఓవెన్‌లో ఎలాగూ కాలుతుంది. నెయ్యి మాత్రం ప్రతి పలుకుకూ పట్టేలా చేత్తో కలపాలి. పిండి కలిపాక పదిహేను నిమిషాలు నాననిస్తే చాలు, రాత్రంతా నానబెడితే రవ్వ ఉబ్బి కేకు దిట్టంగా వస్తుంది, పాకం కూడా సరిగా తాగదు. గుడ్డు లేకుండా పొంగదన్నది వట్టిమాట. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క గట్టిగా ఉంటే అది పాడైనట్టు కాదు, చలికి నెయ్యి, రవ్వలోని పిండిపదార్థం బిగుసుకుంటాయి. కొద్దిగా వెచ్చబెట్టి తినండి.

బాదం పప్పే పెట్టాలని ఎవరైనా పట్టుబడితే నేను ఒప్పుకోను, పలాస జీడిపప్పు ఉండగా మనకు ఆ అవసరం లేదు. జీడిపప్పును పచ్చిగానే, పిండి ట్రేలో సర్దాక గాట్లు గీసి, ఒక్కో ముక్క నడుమ ఒక్కో బద్ద చొప్పున సగం లోతుకు అద్దాలి. ముందే వేయించి పెడితే ఓవెన్‌లో రెండోసారి వేడి తగిలి నల్లబడుతుంది, పైపైన పెడితే పాకం పోసేటప్పుడు కొట్టుకుపోతుంది.