గోదావరి నీళ్లు ఎక్కడివి?

నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో, అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే పుట్టిన గోదావరి, ఆ సముద్రాన్ని కాదని తూర్పుగా 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. రాజమహేంద్రవరం దగ్గర కనిపించే నీరంతా అక్కడి నుంచే వస్తోందని చాలామంది అనుకుంటారు గానీ, అందులో త్ర్యంబకం వాటా చాలా తక్కువ. నైరుతి రుతుపవనాల తేమలో అధిక భాగం పడమటి కనుమల అవతలి వాలు మీదే కురిసిపోతుంది. కనుమల చాటున ఉన్న మరాఠ్వాడాకు దక్కేది కొద్దిపాటి వానే. అందుకే శాతవాహనుల రాజధాని పైఠణ్‌ను దాటి, కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని తెలంగాణలోకి వచ్చే నది, శ్రీరాంసాగర్‌ను నింపలేని ఏళ్లూ ఉన్నాయి.

నది తీరు మారేది కాళేశ్వరంలో. వార్ధా, వైన్‌గంగ, పెన్‌గంగల నీటిని మోసుకొచ్చే ప్రాణహిత అక్కడ కలుస్తుంది, మొత్తం 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ఈ ఒక్క ఉపనదిదే. కొద్ది దూరంలోనే బస్తర్ అడవుల నుంచి ఇంద్రావతి వచ్చి చేరుతుంది. బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు తరచూ ఈ రెండు నదుల మీదుగానే సాగుతాయి కనుక, ఎగువన శ్రీరాంసాగర్ గేట్లు ఒక్కటీ ఎత్తకపోయినా భద్రాచలం మునగవచ్చు.

అక్కడి స్నానఘట్టాల దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75 అడుగులు దాటింది. దిగువన కూనవరం దగ్గర కలిసే శబరి కూడా అదే సమయంలో పొంగితే గోదావరికి పోయే దారి ఇరుకై, భద్రాచలంలో వరద తగ్గడానికి ఆలస్యమవుతుంది. శబరి ఒడ్డు ఊళ్లకు గోదావరి ఎగపోటు తప్పదు. ఆ నీరంతా పాపికొండల ఇరుకులోంచే బయటపడాలి మరి.

కొండలు దాటాక నది విశాలమై, పాయలుగా చీలబోయే చోట, 1833 నాటి కరువు చేసిన నష్టం ఇంకా మరుపున పడని రోజుల్లో, ఆర్థర్ కాటన్ ఆనకట్ట తలపెట్టాడు. నది మధ్య లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలుగా, పక్కనున్న కొండరాయితో 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. డెల్టాలో సార్వాకు, అంటే వానాకాలపు వరి పంటకు, నీటి కొరత సాధారణంగా ఉండదు. చిక్కంతా దాళ్వాకే, అంటే ఆ తర్వాత వేసే రెండో పంటకే. వేసవి సమీపించే కొద్దీ ప్రధాన నదిలో ప్రవాహం సన్నబడి, వంతులవారీగా కాలువలకు నీరు వదిలే రోజుల్లో, శివారు చేలకు అందే తడిలో చెప్పుకోదగ్గ భాగం విద్యుదుత్పత్తి తర్వాత శబరి ఉపనది సీలేరు నుంచి విడుదలై, శబరి మీదుగా దిగివచ్చే నీటిదే.