గ్లాసు నోటిదాకా ఎలా వస్తుంది? ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) చదివే పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

కండరాల పట్టికలతో కుస్తీ పడుతున్నట్టున్నారు. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, దానికి ఏ నరం వస్తుంది అన్నవి రాకుండా కుదరదు కాబట్టి బట్టీ పట్టండి, తప్పేం లేదు. కానీ రేపు మీ ఎదుట కూర్చునే మనిషి "నా బైసెప్స్ (మోచేతిని వంచే పైచేతి కండరం) బలహీనపడింది" అనడు, "గ్లాసు నోటిదాకా రావట్లేదు" అంటాడు. ఆ మాట దగ్గర మొదలుపెట్టి వెనక్కి కండరం దాకా వెళ్లడం మీ పని. అందుకు ముందుగా మీ చెయ్యినే చూసుకోండి.

గుప్పిట గట్టిగా బిగించండి. బిగింపు వదలకుండా మణికట్టును అరచేతి వైపు పూర్తిగా వంచండి. పట్టు దానంతటదే సడలిపోతుంది. ఎందుకంటే వేళ్లను బలంగా ముడిచే రెండు కండరాలూ, అంటే ఫ్లెక్సర్ డిజిటోరమ్ సూపర్‌ఫిషియాలిస్, ప్రొఫండస్, వేళ్లలో లేవు. అవి ముంజేతిలో ఉంటాయి, వాటి టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) మాత్రం మణికట్టు దాటి వేళ్లలోకి వెళ్తాయి. ఏ కండరమైనా కొంత మేరకే కుదించుకోగలదు. ఆ కుదింపు మణికట్టు దగ్గరే ఖర్చయిపోతే వేళ్లకు ఏం మిగులుతుంది? దీన్నే యాక్టివ్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. అదే సమయంలో చేతి వెనక ఉన్న, వేళ్లను చాచే ఎక్స్‌టెన్సర్ టెండన్లు సాగడానికి ఇక చోటు లేక వేళ్లను వెనక్కి గుంజుతాయి. అది పాసివ్ ఇన్‌సఫిషియెన్సీ. ఈ రెండు పేర్లూ పరీక్షలో తారుమారు చేసేవాళ్లే ఎక్కువ. కుదించుకోలేకపోవడం మొదటిది, సాగలేకపోవడం రెండోది.

మణికట్టు సుమారు 20 నుంచి 35 డిగ్రీలు వెనక్కి వంగి ఉన్నప్పుడు పట్టు బాగా బిగుస్తుంది. అందుకే రేడియల్ నరం (మణికట్టును వెనక్కి వంచే కండరాలకు వెళ్లే నరం) దెబ్బతిని మణికట్టు వాలిపోయిన మనిషికి, వేళ్లు ముడిచే కండరాలు నిక్షేపంగా ఉన్నా, గ్లాసు జారిపోతుంది. అలాంటి చేతిని చూసి "ఫ్లెక్సర్లు (ముడిచే కండరాలు) బలహీనం" అని రాసేయకండి. మణికట్టును మీ చేత్తో వెనక్కి వంచి పట్టుకుని, మళ్లీ పిడికిలి బిగించమనండి. పట్టు పెరిగితే లోపం ఎక్కడుందో తెలిసినట్టే. స్ప్లింట్ (కీలును సరైన భంగిమలో నిలిపే పట్టీ) ఎందుకు వేస్తామో కూడా అక్కడే అర్థమవుతుంది.

ఇదే సూత్రం తిరగేస్తే ఒక వరం. వెన్నుపాము సి6 స్థాయిలో (మెడ భాగంలో ఆరో స్థాయి) దెబ్బతిన్నవాళ్లలో మణికట్టును వెనక్కి వంచే బలం మిగులుతుంది, వేళ్లు ముడిచే బలం పోతుంది. వాళ్లు మణికట్టును వెనక్కి వంచగానే ఫ్లెక్సర్ టెండన్లు బిగుసుకుని వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలి పక్కకు చేరుతుంది. మణికట్టు వాలిస్తే వేళ్లు తెరుచుకుంటాయి. ఈ టెనోడిసిస్ పట్టుతో తేలికైన వస్తువులు తీసుకోగలరు. దీన్ని పాడుచేసేది చాలాసార్లు మన అత్యుత్సాహమే. వేళ్లు బిగుసుకున్నాయి కదా అని మణికట్టునీ వేళ్లనీ ఒకేసారి వెనక్కి చాచి సాగదీస్తే, ఆ పట్టుకు ఆధారమైన బిగువు పోతుంది. వేళ్లు చాచేటప్పుడు మణికట్టు వంగి ఉండాలి, మణికట్టు వెనక్కి వంచేటప్పుడు వేళ్లు ముడిచి ఉండాలి. మంచం నుంచి కుర్చీలోకి మారేటప్పుడు అరచెయ్యి పరిచి బరువు మోపినా ఇదే నష్టం. అప్పుడు కూడా వేళ్లు ముడిచే ఉంచాలి.

ఇక మోచేయి. గ్లాసును నోటి దగ్గర నుంచి బల్ల మీదికి మెల్లగా దించుతున్నప్పుడు పనిచేసేది ఏది? "మోచేయి చాచుకుంటోంది కాబట్టి ట్రైసెప్స్" అని చటుక్కున చెప్పేస్తారు. బైసెప్స్ మీద వేలు పెట్టి చూడండి, గట్టిగానే ఉంటుంది. కిందికి దించే పని భూమ్యాకర్షణే చేస్తోంది, బైసెప్స్, దాని కింద ఉండే బ్రేకియాలిస్ సాగుతూ దానికి అడ్డుకట్ట వేస్తున్నాయి. ఇదే ఎక్సెంట్రిక్ పని. గ్లాసు బల్లకు ఠక్కున తగిలితే ముందు ఈ అదుపునే అనుమానించండి.

బైసెప్స్ మోచేతి కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో అతుక్కుంటుంది. అరచేతిలోని బరువు సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే అర కిలో పట్టుకోవడానికి కండరం దాదాపు మూడున్నర కిలోల బరువుకు సమానంగా లాగాలి, ముంజేతి సొంత బరువు అదనం. సంచిని వేళ్లతో పట్టుకోకుండా మోచేతికి దగ్గరగా తగిలించుకోమని చెప్పడం వెనక లెక్క ఇదే.

ముంజేయి తిప్పడాన్ని కొలిచేటప్పుడు మోచేయి 90 డిగ్రీలు వంచి, పక్కటెముకలకు ఆనించి ఉంచండి. లేకపోతే అరచెయ్యి కిందికి తిప్పమన్నప్పుడు మనిషి భుజాన్ని పక్కకు లేపుతాడు, పైకి తిప్పమన్నప్పుడు ఒళ్లే వాలుస్తాడు. మోసం చేయాలని కాదు, శరీరం దొరికిన దారిన పని కానిచ్చుకుంటుంది. మీ గోనియోమీటర్ (కీలు కోణం కొలిచే పరికరం) మాత్రం లేని కదలికను ఉన్నట్టు చూపిస్తుంది.

చివరిగా బలం గ్రేడ్ల సంగతి. కండరం బలాన్ని 0 నుంచి 5 దాకా గ్రేడ్లలో రాస్తాం. గ్రేడ్ 3 అంటే భూమ్యాకర్షణకు ఎదురుగా పూర్తిగా కదలగలదు, అంతకుమించి బరువు మోయలేదు. మోచేయి వంచే కండరాలకు గ్రేడ్ 3 ఉంటే ఖాళీ చెయ్యి నోటిదాకా వస్తుంది, నిండు గ్లాసు రాదు. తేలికైన కప్పులో రెండు గుక్కల నీళ్లతో మొదలుపెట్టించండి. గ్రేడ్ 2 (భూమ్యాకర్షణ అడ్డు లేనప్పుడే పూర్తిగా కదలగలదు) అయితే బల్లను చంక ఎత్తుకు తెచ్చి, మోచేతిని దాని మీద ఆనించి, ముంజేతిని బల్ల వెంబడే నోటివైపు జరపమనండి. బల్ల గరుకుగా ఉంటే ముంజేతి కింద నున్నటి గుడ్డ వేయడం మరవకండి. అక్కడ ఆగిపోయిన చెయ్యిని చూసి గ్రేడ్ 1 (కండరం కాస్త బిగుసుకుంటుంది, కదలిక రాదు) అని రాసేస్తారు, ఆపింది బల్ల రాపిడి అయినా సరే.

మీ మాస్టారు