డాక్ఎక్స్ గొడవ: 2008లో పెట్టిన ‘తాత్కాలికం’ ఇంకా నడుస్తూనే ఉంది

మైక్రోసాఫ్ట్ తన ఫైల్ ఫార్మాట్‌ను (వర్డ్ ఫైలు పేరు చివర కనిపించే డాక్ఎక్స్ లాంటివి) కావాలనే చిక్కుముడిలా ఉంచి జనాన్ని కట్టిపడేస్తోందని ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ వెనకున్న డాక్యుమెంట్ ఫౌండేషన్ 2025 జులైలో ఆరోపించింది. దాంతో ఫైలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చగానే టేబుల్ ఎందుకు చెదిరిపోతుంది, తప్పెవరిది అన్న పాత తగాదా మళ్లీ లేచింది. ముడి పడింది 2008లో.

లిబ్రేఆఫీస్ వాడే ఫార్మాట్ ఓడీఎఫ్ 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం అయింది, పత్రం దాదాపు 700 పేజీలు. ప్రభుత్వాలు అటు మొగ్గుతాయేమోనన్న టెన్షన్‌తో (మసాచుసెట్స్ 2005లోనే మొగ్గింది) మైక్రోసాఫ్ట్ తన ఓపెన్ ఎక్స్ఎంఎల్‌ను (డాక్ఎక్స్ దీన్లో భాగమే) ఎక్మా అనే ఇంకో ప్రమాణాల సంస్థ చేత ఆమోదింపజేసి, 6,000 పేజీల పైచిలుకు పత్రాన్ని ఐఎస్ఓలో ఫాస్ట్ ట్రాక్ దారిన పంపించింది. 2007 సెప్టెంబర్ ఓటింగ్‌లో అది నెగ్గలేదు. 2008 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదు రోజుల సమావేశం పెడితే, వెయ్యికి పైగా సవరణల్లో చాలావాటిని చర్చ లేకుండానే మూకుమ్మడి ఓటుతో తేల్చేశారు. ఏప్రిల్ కల్లా ప్రమాణం నెగ్గింది. భారత్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజువెలా అప్పీలు చేశాయి, కొట్టేశారు.

నన్నడిగితే ఆ ఓట్ల లెక్క కన్నా, జెనీవాలో ఫార్మాట్‌ను రెండుగా చీల్చడమే అసలు సంగతి. శుభ్రమైనదాని పేరు స్ట్రిక్ట్. పాత ఫైళ్ల బరువంతా మోసేదాని పేరు ట్రాన్సిషనల్, అంటే కొత్తదానికి మారేదాకా గడుపుకోవడానికి పెట్టింది. మారారా? ఆఫీస్ 2013 నుంచి వర్డ్‌లో స్ట్రిక్ట్‌గా సేవ్ చేసుకునే వీలుంది, సేవ్ యాజ్ జాబితాలో కిందికి వెళ్లి వెతుక్కుంటే కనిపిస్తుంది. మామూలుగా సేవ్ నొక్కితే మాత్రం ఈరోజుకీ ట్రాన్సిషనలే.

ఆ బరువు ఎలాంటిదంటే, ‘ఆటోస్పేస్‌లైక్‌వర్డ్95’ అని ఒక ట్యాగ్ (ఫైలు లోపల రాసే సూచన) ఉంది. వర్డ్ 95 ఖాళీలు ఎలా వదిలేదో అలాగే వదలమని దాని అర్థం. ఎలా వదిలేదో మాత్రం మొదటి ఎక్మా పత్రంలో లేదు, గొడవయ్యాక చేర్చారు. 1900 లీపు సంవత్సరం కాదు కదా, ఎక్సెల్‌లో మాత్రం ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉంటుంది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ నాటి తప్పు, ప్రమాణంలోకీ ఎక్కి కూర్చుంది.

ఒక డాక్ఎక్స్ ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల డాక్యుమెంట్.ఎక్స్ఎంఎల్ ఉంటుంది. నాలుగుసార్లు దిద్దిన వాక్యమైతే ఒకే పదం రెండు మూడు ముక్కలై, ప్రతి ముక్కకూ ఏ ఎడిటింగ్‌లో చేరిందో చెప్పే నంబరు తగిలించుకుని కనిపిస్తుంది. కన్వర్టర్ రాసేవాడు ఇవన్నీ ఏరి అతికించుకోవాలి.

కోట్ల కొద్దీ పాత ఫైళ్లు చెడకుండా తెరుచుకోవాలి కదా అంటుంది మైక్రోసాఫ్ట్. నిజమే. పేజీలు జరిగిపోవడానికి ఒక్కోసారి కారణం ఫార్మాట్ కాదు, మన దగ్గర ఆ ఫాంట్ లేకపోవడం. ఇంకోటి, డాక్ఎక్స్‌గా సేవ్ చేయమంటే లిబ్రేఆఫీస్ కూడా ట్రాన్సిషనల్‌లోనే రాస్తుంది, ఎందుకంటే అవతలివాళ్లు తెరిచేది వర్డ్‌లోనే.